కథ చెల్లింది, కవిత చెల్లలేదు

మన క్లబ్ చానెల్‌లో ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి, పక్కనే 'కవిత' అని టైప్ చేస్తే పాత సంచికల్లోంచి ఒక కవిత వస్తుంది. 'పదం' అంటే మనవాళ్ల ఊళ్ల నుంచి పోగేసిన ఒక మాట, దాని అర్థం వస్తాయి. 'గడువు' అంటే రచనలు పంపడానికి ఆఖరు తేదీ చెప్తుంది. ఇంతే. సెకండియర్ సీఎస్ఈ వాళ్లెవరైనా ఒక ఆదివారం కూర్చుంటే ఇలాంటి బాట్ రాసేయగలరు. నాకు మాత్రం మూడు వారాలు పట్టింది. అందులో ప్రోగ్రామ్‌కి పోయినవి రెండు రోజులే. మిగతా రోజులన్నీ ఒక చిన్న ప్రశ్న తినేసింది. తెలుగు మాట అంటే ఏమిటి?

ఈ ప్రశ్న తెలుగు మాస్టారు అడిగితే సరే. నన్ను అడిగింది కంప్యూటర్.

బాట్ ఎలా పనిచేస్తుందో ముందు నాలుగు ముక్కల్లో చెప్తా, మెకానికల్, సివిల్ మిత్రుల కోసం. చానెల్‌లో ఎవరు మెసేజ్ పెట్టినా అది బాట్‌కీ చేరుతుంది. గదిలో ఓ మూల కూర్చున్న మనిషికి అందరి మాటలూ వినబడ్డట్టు. బాట్ ఆ మెసేజ్ మొదట్లో ఏ గుర్తు ఉందో చూస్తుంది. ఆశ్చర్యార్థకం కాకపోతే వదిలేస్తుంది. ఆశ్చర్యార్థకం ఉంటే పక్కనున్న మాట తీసుకుని తన డిక్షనరీలో వెతుకుతుంది. పైథాన్‌లో డిక్షనరీ అంటే ఎడమవైపు పేరు, కుడివైపు విలువ. ఇక్కడ ఎడమవైపు ఆదేశం, కుడివైపు ఆ ఆదేశానికి చేయాల్సిన పని. మాట దొరికితే పని జరుగుతుంది, లేకపోతే 'అలాంటి ఆదేశం లేదు' అని జవాబు.

ఈ పద్ధతి మనం పుట్టకముందుది. 1988లో ఫిన్లాండ్‌లోని ఔలు యూనివర్సిటీలో యార్క్కో ఓయికారినెన్ అనే ఆయన ఐఆర్‌సీ అనే చాట్ వ్యవస్థ రాశాడు. ఇప్పుడు మనం వాడే చానెల్ అనే మాట, దాని పేరు ముందు హ్యాష్ గుర్తు, రెండూ అందులో ఉన్నవే. 1993లో రోబీ పాయింటర్ అనే ఆయన ఐఆర్‌సీ కోసం ఎగ్‌డ్రాప్ అనే బాట్ తయారుచేశాడు. దానికి టీసీఎల్ అనే భాషలో చిన్న స్క్రిప్టు రాసిస్తే చాలు. చానెల్‌లో ఫలానా మాట కనబడగానే ఫలానా పని చేస్తుంది. మాటని పనికి ముడివేయడం. అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే.

మరి నేను ఈ పని ఎందుకు నెత్తినేసుకున్నానంటే, మన చానెల్‌లో అంతకుముందు ఒక రెడీమేడ్ బాట్ ఉండేది. దాని ఆదేశాలన్నీ ఇంగ్లీషులో. పోయిన సంచిక పనులప్పుడు ఒక ఫస్టియర్ తమ్ముడు దాన్ని తెలుగులో అడిగాడు, గడువు ఎప్పటి దనుక అని. అలాంటి ఆదేశం లేదని ఇంగ్లీషులో ఎర్ర గీత పక్కన జవాబొచ్చింది. మాట మార్చి అడిగాడు. అదే జవాబు. మూడోసారీ అదే. కింద ఎవరో రెండు నవ్వు బొమ్మలు పెట్టారు. పెట్టినవాళ్లకి చెడు ఉద్దేశం ఉందని అనుకోను. ఆ తర్వాత అతను చానెల్‌లో ఒక్క మాట కూడా పెట్టలేదు.

నెల తర్వాత మెస్‌లో పెరుగు లైన్‌లో కలిస్తే అడిగా, నువ్వేమైనా పంపావా అని.

"రాసిన అన్నా. గని తేదీ తెల్వక పంపలే."

"ఎవర్నైనా అడగొచ్చు కదరా?"

"అడిగిన గదా, గా బాట్‌ను," అని నవ్వేశాడు.

అతను పల్లెటూరి ప్రభుత్వ స్కూల్లో తెలుగు మీడియం చదివాడు. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగు నాకు పదో తరగతి దాకా ఒక సబ్జెక్టు. ఇంటర్‌లో అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం. మా ఇద్దరిలో తెలుగు ఎవరికి బాగా వచ్చో చెప్పక్కర్లేదు. అయినా సిగ్గుపడింది అతనే. తెలుగు సాహిత్య క్లబ్ చానెల్‌లో, తెలుగు బాగా వచ్చినవాడు, తెలుగులో అడిగి సిగ్గుపడటం నాకు మింగుడుపడలేదు. తర్వాతి మీటింగ్‌లో కొత్త బాట్ నేను రాస్తానని చెప్పా. ఆదేశాలు తెలుగులో, తెలుగు లిపిలో ఉంటాయని కూడా చెప్పా.

ఇప్పటి చాట్ యాప్‌లలో ఆశ్చర్యార్థకం పద్ధతి కాస్త పాతబడింది. ఇప్పుడంతా స్లాష్ ఆదేశాలు. పేర్లు ముందే రిజిస్టర్ చేసి పెడితే, స్లాష్ కొట్టగానే జాబితా దానంతటదే తెరుచుకుంటుంది. ఏది గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పైగా జవాబు అడిగినవాళ్లకి మాత్రమే కనబడేలా పెట్టొచ్చు. నలుగురిలో అడగడానికి మొహమాటపడే వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? అందుకని ఇదే పద్ధతి ఎంచుకున్నా. యాప్ పేరు ఇక్కడ అనవసరం.

'కథ' రిజిస్టర్ చేశా. అయింది. 'కవిత' చేశా. చెల్లని పేరు అని తిప్పికొట్టింది. 'నవల' అయింది. 'నాటకం' అవలేదు. 'పద్యం' అవలేదు. 'వ్యాసం' అవలేదు. నా రూమ్మేట్ స్క్రీన్ చూసి, "దానికి కవిత్వం ఇష్టం లేదేమో రా, పబ్లిషర్ల లాగా" అన్నాడు.

ఆ యాప్ డాక్యుమెంటేషన్ తెరిచి చూశా. ఆదేశం పేరులో ఏయే గుర్తులు ఉండొచ్చో ఒకే ఒక్క లైన్‌లో, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా రాసి ఉంది. ఏ భాష 'లెటర్' అయినా ఉండొచ్చు, అంకెలు ఉండొచ్చు, హైఫన్, అండర్‌స్కోర్ లాంటివి ఒకటి రెండు ఉండొచ్చు. వినడానికి ఉదారంగానే ఉంది కదా. చిక్కంతా ఆ 'లెటర్' అనే మాట దగ్గరే.

యూనికోడ్‌లో తెలుగుకి 128 గళ్ల పెట్టె ఒకటి కేటాయించారు. అందులో ప్రతి గుర్తుకీ ఒక వర్గం ఉంటుంది. అ, ఆ, క, ఖ లాంటివి 'లెటర్' వర్గం. దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, సున్నా, ఒత్తులు పుట్టించే పొల్లు, ఇవన్నీ 'మార్క్' వర్గం. 'వి' అనేది మన కంటికి ఒక అక్షరం. యూనికోడ్‌కి అది రెండు గుర్తులు, వ ఒకటి, దాని మీద గుడి ఒకటి. 'కథ'లో ఉన్నవి రెండూ లెటర్లే. 'నవల'లో మూడూ లెటర్లే. 'కవిత'లో మాత్రం మధ్యలో గుడి ఉంది. గుడి లెటర్ కాదు కాబట్టి కవిత చెల్లదు.

నమ్మకపోతే పైథాన్ తెరవండి. ఒక మాటలో ఉన్నవన్నీ అక్షరాలేనా అని అడగడానికి ఇజ్‌ఆల్ఫా అని ఒక మెథడ్ ఉంది. 'కథ' ఇచ్చి అడిగితే నిజం అంటుంది. 'తెలుగు' ఇచ్చి అడిగితే అబద్ధం అంటుంది. మూడు లెటర్లు, మూడు మార్కులు. మన భాష పేరులో సగం దాని లెక్కలోకి రాదు.

చిన్నప్పుడు గుణింతం వల్లె వేసేవాళ్లం గుర్తుందా? కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి. ఆ నియమం రాసినవాళ్లు మొదటి లైన్ దగ్గరే బడి మానేశారు. తలకట్టు తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు.

ఆ రాత్రి చానెల్‌లో ఇదొక ఆటైపోయింది. తలకట్టుతోనే పూర్తయ్యే మాటలు ఎవరు ఎక్కువ చెప్తారో చూద్దామన్నారు. పలక, పడవ, గడప, నడక, వరద, తలగడ వచ్చాయి. మాట మొదట్లో అచ్చు ఉంటే అది లెటరే కాబట్టి ఆశ, ఈత, ఊయల కూడా వచ్చాయి. ఒక సీనియర్ అక్క 'అమ్మ' అంది. కుదరదు, ఒత్తుంది. 'ఊరు' కుదరదు, కొమ్ముంది. 'అన్నం'కి ఒత్తూ ఉంది, సున్నా కూడా ఉంది. "అలకకి చోటుంది గానీ అమ్మకి లేదన్నమాట" అని అక్క రాసింది. అందరం నవ్వుకున్నాం, కానీ ఆ తర్వాత కాసేపు ఎవరూ ఏమీ టైప్ చేయలేదు.

మర్నాడు మీటింగ్‌లో ఒకరు తేలిక మార్గం చెప్పారు. "ఇంగ్లీష్ అక్షరాల్లో కవిత అని పెట్టేయ్. చాట్‌లో మనం రాసేది ఎలాగూ అలాగే కదా!" నిజమే. మ్యాగజీన్‌కి తెలుగు లిపిలో రాయమని నియమం పెట్టుకున్న మనమే, ఆ మ్యాగజీన్ గురించిన చర్చంతా ఇంగ్లీష్ అక్షరాల్లో చేస్తాం. గుడీ కొమ్మూ రోజూ మనమే వదిలేసి, యాప్ వదిలేసిందని కోపం తెచ్చుకుంటే ఎలా అని కూడా అడిగారు. ఆ ప్రశ్నకి నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. ఒక తేడా మాత్రం చెప్పా. మనం వదిలేసేటప్పుడు రెండు దారులూ తెరిచే ఉంటాయి, ఏది కావాలంటే అది రాస్తాం. ఇక్కడ ఒక దారి మూసి ఉంది.

ఇంకో తమాషా ఏంటంటే, ఇంగ్లీష్ అక్షరాలతో బాట్‌కి పని పెరుగుతుంది. 'కవిత'లో చివరి అక్షరానికి కొందరు టీ ఒక్కటే పెడతారు, కొందరు పక్కన హెచ్ కూడా పెడతారు. 'కథ'కి కొందరు టీ-హెచ్, కొందరు డీ-హెచ్. హెచ్ మర్చిపోయి డీ ఒక్కటే పెడితే అది 'కదా' కూడా అవుతుంది. మీటింగ్‌లో ఉన్న పదకొండు మందిని 'వ్యాసం' ఇంగ్లీష్ అక్షరాల్లో రాయమంటే ఆరు రకాలుగా రాశారు. తెలుగు లిపిలో పదకొండు మందీ ఒకేలా రాశారు. కంప్యూటర్‌కి సులువైనది తెలుగు లిపే. అడ్డం పడుతున్నది ఆ ఒక్క లైన్.

ఆ లైన్‌ని నేను ఇంకోసారి చివరిదాకా చదివా. చివర్లో రెండు మినహాయింపులు ఉన్నాయి. దేవనాగరి లిపిలోని గుర్తులన్నీ సరే, థాయ్ లిపిలోని గుర్తులన్నీ సరే. ఆ రెండు లిపుల్లోనూ మనలాగే అక్షరానికి తగిలించే గుర్తులుంటాయి. అంటే హిందీలో గుడి పెట్టి రాసిన కవిత చెల్లుతుంది. తెలుగులో గుడి పెట్టి రాసిన కవిత చెల్లదు. ఎవరో హిందీ వాళ్లో, థాయిలాండ్ వాళ్లో తమ మాట పట్టడం లేదని చెప్పి ఉంటారని నా ఊహ. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా.

ఐఆర్‌సీ విషయంలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. 1993 మేలో దాని నియమాలన్నీ ఒక డాక్యుమెంట్‌గా రాశారు. అందులో ఒక వింత వాక్యం ఉంటుంది. మీసాల బ్రాకెట్లు చదరపు బ్రాకెట్లకి చిన్న అక్షరాలట, నిలువు గీత బ్యాక్‌స్లాష్‌కి చిన్న అక్షరమట. బ్రాకెట్‌కి చిన్న అక్షరమేంటి? కారణం కూడా అక్కడే రాశారు, ఐఆర్‌సీ స్కాండినేవియాలో పుట్టింది కాబట్టి అని. ఫిన్లాండ్, స్వీడన్ వాళ్ల పాత కంప్యూటర్లలో ఆ బ్రాకెట్ల స్థానంలో వాళ్ల అచ్చులుండేవి, నెత్తిన రెండు చుక్కలున్నవి, చిన్న సున్నా ఉన్నది. వాళ్లకవి బ్రాకెట్లు కావు, పేర్లలో వచ్చే అక్షరాలు. రాసేవాళ్ల చేతిలో ఉన్న అక్షరాలు కాబట్టి నియమంలోకి వచ్చేశాయి. ప్రపంచమంతా వాటిని పాటించింది. అదే డాక్యుమెంట్‌లో ఒక మెసేజ్ 512 బైట్లు దాటకూడదని ఉంది. యూటీఎఫ్-8లో ఇంగ్లీష్ అక్షరం ఒక్క బైట్. మన గుర్తులు ఒక్కోటి మూడు బైట్లు. 'కవిత' అన్న ఒక్క మాటకే 12. ఆ లెక్క వేసేటప్పుడు మనం ఆ గదిలో లేము.

నాకు అర్థమైంది ఇదే. ఇందులో కుట్రేమీ లేదు. నియమం రాసే చోట ఎవరుంటే వాళ్ల భాష పడుతుంది. లేనివాళ్లది మిగిలిపోతుంది.

సరే, యాప్ నియమం మారేదాకా ఆగలేం. సంచిక గడువు దగ్గరపడుతోంది. అందుకని పాత ఐఆర్‌సీ దారే పట్టా. ఆశ్చర్యార్థకం పెట్టి రాసేది మామూలు మెసేజే కాబట్టి అందులో ఏ లిపైనా, ఏ గుర్తైనా ఉండొచ్చు. ఇక్కడా దారి సాఫీగా ఏం లేదు. ఆదేశాన్ని మెసేజ్ నుంచి విడదీయడానికి అందరూ వాడే అడ్డదారి ఒకటుంది, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ. పైథాన్‌లో అది కూడా మార్కుల్ని మాటలో భాగంగా లెక్కించదు. 'కవిత' ఇస్తే గుడి దగ్గర ఆగిపోయి 'కవ' అని తెచ్చింది. కవ అంటే జంట, కవలపిల్లల్లో ఉన్న కవ. మంచి మాటే గానీ నేనడిగింది అది కాదు. దాన్ని పక్కన పెట్టి, ఖాళీ ఉన్న చోట మెసేజ్‌ని విడగొట్టమన్నా. అప్పుడు మాట మాటగా వచ్చింది.

తర్వాత కనబడని గుర్తుల గోల. మన ఫోన్ కీబోర్డులు కొన్ని పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెడతాయి. 'సాఫ్ట్‌వేర్' అని రాస్తే ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. కంటికి కనబడదు, కంప్యూటర్‌కి కనబడుతుంది. ఒకేలా కనబడే 'లాస్ట్‌డేట్'లు రెండు దానికి వేర్వేరు. ఐత్వానిదీ ఇదే కథ. దాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద తోక అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. చూడ్డానికి ఒకటే. అందుకని డిక్షనరీలో వెతికే ముందు ప్రతి మాటనీ కడిగి ఆరేస్తుంది మన బాట్. కనబడని గుర్తులు తీసేస్తుంది, రెండు రకాలుగా రాయగలిగినవాటిని యూనికోడ్ నార్మలైజేషన్‌తో ఒకే రూపంలోకి తెస్తుంది. రాసిన చేతి తేడా అక్కడితో పోతుంది.

అసలు గొడవ 'కథ' దగ్గర వచ్చింది. మనలో చాలామంది థ బదులు ధ రాస్తారు, 'కధ' అని. దాన్ని ఒప్పుకోవాలా వద్దా? సాహిత్య క్లబ్ బాటే తప్పు స్పెల్లింగ్‌కి జవాబిస్తే ఇక నేర్చుకునేదెవరు అని ఒక వాదన. న్యాయమైన వాదనే. కానీ పెరుగు లైన్‌లో విన్న మాట నాకు గుర్తుంది. నలుగురి ముందు తప్పు అనిపించుకున్నవాడు నేర్చుకోడు, మాట్లాడటం మానేస్తాడు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనకిది ఇంకా బాగా తెలియాలి. తెలుగులో రాయమంటే మనలో చాలామంది వెనక్కి తగ్గేది భాష రాకనా? ఏ ఒత్తు దగ్గర ఎవరు నవ్వుతారోననే భయం ఎక్కువ.

చివరికి ఇలా కుదిరింది. 'కధ' అని అడిగినా కథ ఇస్తుంది. జవాబు పైన మాత్రం 'కథ' అని సరైన అక్షరంతో రాసి ఉంటుంది. చూసుకున్నవాళ్లు చూసుకుంటారు. పంతులమ్మ నోట్‌బుక్ పక్కన నిలబడి ఏమీ అనకుండా మంచి అక్షరం రాసి చూపించినట్టు.

ఇక తెలియని మాట వస్తే బాట్ ఏమనాలి? ఈ ఒక్క వాక్యం మీద ఒక సాయంత్రమంతా కూర్చున్నాం. 'అలాంటి ఆదేశం లేదు' అంటే పాత బాట్‌కీ దీనికీ తేడా ఏముంది? ఇప్పుడు అది ఇలా అంటుంది: "ఆ మాట నాకింకా తెలీదండీ. రాసిపెట్టుకున్నాను, అడిగి తెలుసుకుంటాను." కింద తనకి తెలిసిన ఆదేశాలు చూపిస్తుంది. మాటని మాత్రమే దాచుకుంటుంది, అడిగినవాళ్ల పేరు దాచుకోదు. చానెల్‌లో అడగడం ఇష్టం లేకపోతే బాట్‌కి నేరుగా మెసేజ్ పెట్టొచ్చు, అవే ఆదేశాలు అక్కడా పనిచేస్తాయి. ఆ 'అండీ' పెట్టాలని పట్టుబట్టింది సీనియర్ అక్క. ఫస్టియర్లని కూడా 'మీరు' అనే ఒకే ఒక్క సీనియర్ ఈ కాలేజీలో మన బాటే.

ఆదివారం ఆదివారం ఆ జాబితా తెరుస్తా. 'గడువు' అనే ఒక్క పనికి ఇప్పటిదాకా వచ్చిన మాటలు చూడండి: ఆఖరు తేదీ, లాస్ట్ డేట్, ఎప్పటిలోగా, ఎప్పటి దాకా, ఎప్పటి దనుక, ఎన్నిరోజులుంది. అన్నిటినీ 'గడువు' పక్కన చేర్చేశా. ఒక్కో మాట చేరినప్పుడు ఒక్కో ఊరు చేరినట్టుంటుంది. 'ఎప్పటి దనుక' ఎవరిదో నాకు తెలుసు. ఆ తమ్ముడు ఈసారి కవిత పంపాడు. అది ఈ సంచికలో ఉంటుందా లేదా అనేది సంపాదకులు తేలుస్తారు. గడువులోగా అందింది, అది మాత్రం బాట్ సాక్షిగా నిజం.

ఇంకో పని మిగిలే ఉంది. ఆ యాప్ వాళ్లకి సూచన రాసి పంపా, దేవనాగరి, థాయ్ పక్కన తెలుగునీ చేర్చమని. చేర్చాల్సింది పెద్దదేం కాదు. ప్రతి లిపికీ ఉన్నట్టే తెలుగు లిపికీ నాలుగు ఇంగ్లీష్ అక్షరాల కోడ్ ఒకటుంది, అది ఆ లైన్‌లో రాస్తే చాలు. కన్నడ, తమిళం, మలయాళం, బెంగాలీ రాసేవాళ్లకీ ఇదే ఇబ్బంది కాబట్టి వాటినీ చేర్చమని రాశా. జవాబింకా రాలేదు. ఒక్కరు అడిగితే ఒక్క సూచన, అరవై మంది అడిగితే అరవై. నేను పంపిన ఉత్తరం చానెల్‌లో పైన పిన్ చేసి పెట్టా. చదివి, మీ మాటల్లో మీరూ ఒకటి రాయండి. ఉదాహరణ ఏం ఇవ్వాలో తోచకపోతే 'అమ్మ' అని ఇవ్వండి.